ఇస్కియా దీవి వేడినీటి ఊటలు: కథలు, సైన్స్, జాగ్రత్తలు (తరచుగా అడిగే ప్రశ్నలు)

ఇస్కియా గురించి మాట మొదలవగానే జనం రెండు జట్లుగా విడిపోతారు. ఒక జట్టు ఆ నీళ్లలో మునిగితే తగ్గని రోగం లేదంటుంది, రెండో జట్టు అదంతా టూరిస్టుల కోసం అల్లిన కథ అని కొట్టిపారేస్తుంది. నాకు రెండూ అన్యాయంగానే అనిపిస్తాయి. ఆ కథల్లో రెండు వేల ఏళ్లకు పైబడిన పరిశీలన ఉంది, ఆ నీళ్ల వెనక ఇంకా చల్లారని అగ్నిపర్వతం ఉంది. కొండను వదిలేసి నీళ్ల గురించి మాత్రమే మాట్లాడుకుంటే ఏదీ సరిగ్గా అర్థం కాదు. అందుకే తరచూ వచ్చే ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చి జవాబులు రాస్తున్నాను.

అసలు ఇస్కియా ఎక్కడుంది? అది నిజంగా అగ్నిపర్వతమేనా?

ఇటలీలో, నేపుల్స్ అఖాతానికి ఉత్తరపు కొసన ఉంది. సుమారు 46 చదరపు కిలోమీటర్ల దీవి, 60 వేల పైచిలుకు జనం, ఆరు మున్సిపాలిటీలు: ఇస్కియా, కసామిచ్చోలా, లక్కో అమెనో, ఫోరియో, సెర్రారా ఫోంతానా, బరానో. నేపుల్స్ నుంచి, పోజ్జువోలి నుంచి పడవలు నడుస్తాయి.

అగ్నిపర్వతమేనా అంటే, అవును, దీవి మొత్తం అగ్నిపర్వతమే. మధ్యలో 789 మీటర్ల ఎత్తున్న ఎపోమియో కొండను చూసి చాలామంది అదే అగ్నిపర్వతం అనుకుంటారు, కానీ దాని శిఖరం మీద లావా కక్కే బిలం ఏదీ లేదు. సుమారు 55 వేల ఏళ్ల కిందట ఇక్కడ ఒక భారీ పేలుడు జరిగి నేల కుంగిపోయింది, ఆ గుంతలోకి సముద్రం వచ్చింది, బూడిద అందులోనే పేరుకుని రాయిగా గట్టిపడింది. తర్వాత కింద నుంచి మాగ్మా (నేల లోపలి కరిగిన రాయి) తోస్తూ ఉంటే ఆ గుంత అడుగు భాగమే వేల ఏళ్లలో 800 మీటర్లకు పైగా పైకి లేచింది. ఎపోమియో అంటే అదే! అందుకే అక్కడి రాయి ఆకుపచ్చగా ఉంటుంది (సముద్రపు నీటిలో నానడం వల్ల దాని ఖనిజాలు మారిపోయాయి), అందుకే కొండ మీది పొరల్లో సముద్రజీవుల శిలాజాలు కనిపిస్తాయి.

చివరిసారి లావా పారింది 1302లో. దీవి తూర్పు వైపున అర్సో అనే చోట నేల చీలి, లావా కిందికి దిగి సముద్రంలో కలిసింది. అప్పటి నుంచి పేలుడు లేదు కాబట్టి చల్లారిపోయిందని అనుకోకండి. ఇటలీ భూభౌతిక, అగ్నిపర్వత సంస్థకు చెందిన వెసూవియస్ అబ్జర్వేటరీ దీన్ని క్రియాశీల అగ్నిపర్వతంగానే లెక్కేసి ఇప్పటికీ గమనిస్తూ ఉంటుంది. ఇస్కియా ఊరి రేవు కూడా ఒకప్పుడు అగ్నిపర్వత బిలంలో ఏర్పడిన సరస్సే, 1854లో సముద్రానికి దారి తవ్వి రేవుగా మార్చారు. అంటే మీరు పడవ దిగేదే ఒక బిలంలో.

టైఫన్ కథ ఏమిటి?

గ్రీకుల కథ ఇది. టైఫన్ అనే మహాకాయుడు దేవతల రాజు జ్యూస్ మీదికి యుద్ధానికి వచ్చాడు. జ్యూస్ పిడుగులతో కొట్టి అతన్ని నేల కింద అణిచేశాడు. ఎక్కడ అణిచాడన్నది కవి కవికీ మారుతుంది. పిండార్ అనే గ్రీకు కవి అతని ఒళ్లు నేపుల్స్ దగ్గరి క్యూమే తీరం నుంచి సిసిలీలోని ఎట్నా దాకా పరుచుకుని ఉందన్నాడు. రోమన్ కవి వర్జిల్ నేరుగా ఈ దీవి కిందే పెట్టాడు. దీవిలో చెప్పుకునే కథలో అయితే అతను కింద పడి ఏడుస్తుంటే ఆ కన్నీళ్లే వేడినీటి ఊటలయ్యాయి, అతని ఊపిరే నేల చీలికల్లోంచి వచ్చే ఆవిరి, అతను పక్కకు ఒత్తిగిల్లితే భూకంపం.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఈ కథ వేడినీళ్లనూ ఆవిరినీ భూకంపాన్నీ పేలుడునూ ఒకే మనిషి ఒంట్లో పెట్టింది. ఇవన్నీ వేర్వేరు సంగతులు కావు, కింద ఉన్నది ఒక్కటే అని గ్రహించిన వాళ్లు అల్లిన కథ ఇది, కారణం తప్పు చెప్పినా సంబంధం మాత్రం సరిగ్గా పట్టుకున్నారు. నాకు ఈ కథ మీద గౌరవం అందుకే.

పాతకాలం వాళ్లు దీన్ని నిజంగా నమ్మారా?

అందరూ ఒకేలా నమ్మలేదు. సుమారు రెండు వేల ఏళ్ల కిందటి గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో ఈ దీవి గురించి రాస్తూ, ఇక్కడికి వలస వచ్చిన గ్రీకులు భూకంపాలు, నిప్పు, సముద్రం, వేడినీళ్ల దెబ్బకు దీవి వదిలి వెళ్లిపోయారని చెప్పాడు. ఆ తర్వాతే, టైఫన్ కింద ఉన్నాడనీ అతను కదిలితే మంటలూ నీళ్లూ ఎగజిమ్ముతాయనీ అనే కథ అందుకే పుట్టిందని రాశాడు. అంటే కథకు మూలం భూమిలోనే ఉందని అతనికి తెలుసు. అంతకుముందు తిమేయస్ అనే చరిత్రకారుడు చెప్పిన సంఘటన కూడా ఎత్తి రాశాడు: కొండ కంపించి నిప్పు కక్కింది, సముద్రం వెనక్కి పోయి మళ్లీ మీదికొచ్చి దీవిని ముంచింది, ఎదుటి తీరంలో ఉన్నవాళ్లు భయపడి లోపలికి పారిపోయారు. ఇది పురాణం కాదు, ఒక ప్రమాదపు రిపోర్టు.

ఇంకో మాట. క్రీస్తుపూర్వం 8వ శతాబ్దంలో యుబోయా అనే గ్రీకు దీవి నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ పిథెకూసాయ్ అనే ఊరు కట్టారు, పడమటి మధ్యధరాలో గ్రీకులు స్థిరపడిన తొలి చోటు ఇదే. లక్కో అమెనో దగ్గర సమాధుల్లో దొరికిన ఒక కప్పు మీద చెక్కిన వాక్యాలు మనకు దొరికిన అతి పాత గ్రీకు రాతల్లో ఒకటి, నెస్టర్ కప్పు అంటారు. అంత తొలిరోజుల నుంచీ ఆవిరి, భూకంపాల మధ్యే ఈ దీవిలో మనుషులు కాపురం ఉన్నారు.

నిత్రోది జలదేవతలు ఎవరు?

బరానో దగ్గర నిత్రోది అనే ఊట ఉంది. అక్కడ 1757లో రోమన్ కాలపు పాలరాతి పలకలు బయటపడ్డాయి, ఇప్పుడు నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో ఉన్నాయి. వాటి మీద అపోలో దేవుడు తీగల వాద్యం పట్టుకుని ఉంటాడు, పక్కన జలదేవతలు శంఖాలూ కుండలూ పట్టుకుని నీళ్లు వంపుతుంటారు. మొక్కు తీరినవాళ్లు, లేదా తీరాలని కోరుకున్నవాళ్లు చెక్కించి పెట్టినవి ఇవి. ఇవి చూస్తే మనకు కొత్తగా ఏమీ అనిపించదు, జబ్బు చేసి నీటి దగ్గరికొచ్చి మొక్కుకున్న మనిషి ఏ దేశంలోనైనా ఒకటే.

ఆ ఊట ఇప్పటికీ పారుతోంది. నీరు సుమారు 28 డిగ్రీలే, గోరువెచ్చగా కూడా అనలేం, తొట్టిలో పడుకోవడం కాకుండా షవర్ కింద నిలబడి ఒంటి మీద పోసుకుంటారు. చర్మానికి మంచిదని పేరు.

సరే, సైన్స్ ప్రకారం నీళ్లు ఎందుకు వేడెక్కుతాయి?

మూడు సరుకులు కావాలి: నీరు, వేడి, దారి.

నీరు ఎక్కడిది? చాలామంది భూమి లోతుల్లోంచే పుట్టుకొస్తుందనుకుంటారు. ఎక్కువ భాగం వాన నీరే, దానికి సముద్రపు నీరు కలుస్తుంది. ఇది ఊహ కాదు, నీటిలోని హైడ్రోజన్, ఆక్సిజన్ ఐసోటోపులను (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకాలను) కొలిస్తే అది వానగా పడిందా సముద్రం నుంచి వచ్చిందా తెలిసిపోతుంది, క్లోరైడ్ ఎంతుందో చూస్తే సముద్రం వాటా లెక్క దొరుకుతుంది. ఎపోమియో మీద పడిన వాన పగుళ్లలోంచి కిందికి దిగుతుంది, తీరం వైపు నుంచి సముద్రం లోపలికి ఇంకుతుంది, రెండూ లోతులో కలుస్తాయి.

వేడి మాగ్మాది. మామూలు నేలలో కిలోమీటరు లోతుకు వెళ్తే సుమారు 30 డిగ్రీలు పెరుగుతుంది. ఇస్కియాలో అదే కిలోమీటరుకు 150 డిగ్రీలు దాటుతుంది. 20వ శతాబ్దం మధ్యలో భూతాప విద్యుత్తు కోసం తవ్విన బావుల్లో ఈ సంగతి నేరుగా తేలింది. కింద ఉన్న మాగ్మా నీటిని ముట్టుకోవాల్సిన పని లేదు, దాని చుట్టూ ఉన్న రాయి వేడెక్కితే చాలు. అక్కడి నుంచి వేడితో పాటు వాయువులు కూడా పైకొస్తాయి, ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్, కొంత హైడ్రోజన్ సల్ఫైడ్, కాస్త హీలియం. ఆ హీలియంలో హీలియం-3 అనే తేలికపాటి రకం పాలు మామూలు గాలిలో కంటే ఎక్కువ. కొంత వాయువు భూమి పైపొర కిందున్న మాంటిల్ నుంచి వస్తోందనడానికి ఇది గట్టి ఆధారం.

ఇక దారి. ఎపోమియో పైకి లేచినప్పుడు దాని అంచుల చుట్టూ నేల చీలింది, ఆ చీలికలే గొట్టాలు. వేడెక్కిన నీరు తేలికపడి వాటిలోంచి పైకి వస్తుంది. అందుకే ఊటలు దీవి అంతటా సమానంగా ఉండవు, కొండ అంచుల వెంబడి, తీరం వెంబడి వరుసగా కనిపిస్తాయి: ఉత్తరాన కసామిచ్చోలా, లక్కో అమెనో, పడమట ఫోరియో, దక్షిణాన మరోంతి. మ్యాప్ మీద ఊటలన్నీ గుర్తు పెట్టి చూస్తే కొండ ఎక్కడ చీలిందో తెలిసిపోతుంది. కొండ మీద కురిసిన వాన మళ్లీ సముద్రం చేరేలోపు ఇంత ప్రయాణం చేస్తుంది.

ఒక్కో ఊట ఒక్కో రకంగా ఎందుకుంటుంది?

పైకి వచ్చే దారిలో ఏ నీటితో ఎంత కలిసింది, ఏ రాయిని ఎంతసేపు అంటిపెట్టుకుంది, ఎంత వాయువు కరిగింది అన్న వాటిని బట్టి. సముద్రం వాటా ఎక్కువైతే ఉప్పు నీరు, అంటే సోడియం క్లోరైడ్. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ కరిగితే అది రాయిని కొరికి బైకార్బనేట్ నీరు తయారవుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ పైకొచ్చి ఆక్సిజన్ తగిలితే సల్ఫేట్. నిత్రోదిలో 28 డిగ్రీలుంటే, మరోంతి బీచ్‌లో ఫ్యూమరోల్ అనే ఆవిరి చీలికల దగ్గర ఇసుక వేడి సుమారు 100 డిగ్రీలు. ఆ ఇసుకలో గుడ్లూ బంగాళాదుంపలూ పాతిపెట్టి ఉడికించుకుంటారు.

కుళ్లిన గుడ్ల వాసన ప్రమాదమా?

అది హైడ్రోజన్ సల్ఫైడ్. మన ముక్కు దాన్ని అతి తక్కువ మోతాదులోనే పట్టేస్తుంది, కాబట్టి బయట గాలిలో కాస్త వాసన వస్తే టెన్షన్ పడక్కర్లేదు. వెండి గొలుసు వేసుకుని దిగితే నల్లబడుతుంది, తీసేసి వెళ్లండి. మోతాదు బాగా పెరిగితే మాత్రం ముక్కు మొద్దుబారి వాసనే తెలియకుండా పోతుంది. గాలాడని గుహల్లో, గుంతల్లో కార్బన్ డయాక్సైడ్ భయం ఇంకా ఎక్కువ, దానికి వాసనే లేదు, గాలికన్నా బరువు, కింద నిలిచిపోతుంది. ఎవరూ నిర్వహించని గుహలోకి ఆవిరి పట్టుకుందామని దూరకండి.

నీళ్లలో రేడియోధార్మికత ఉందంటారు, నిజమేనా?

నిజమే. రేడాన్ అనే వాయువు ఉంది. రాతిలోని యురేనియం క్రమంగా క్షీణిస్తూ రేడియం అవుతుంది, రేడియం నుంచి రేడాన్ పుడుతుంది, అది నీటిలో కరిగి పైకి వస్తుంది. ఇస్కియా నీళ్లలో, ముఖ్యంగా లక్కో అమెనో వైపు, ఇది ఎక్కువ. 1918లో మేరీ క్యూరీ ఇటలీకి వచ్చి రేడియోధార్మిక నీళ్లను పరిశీలించినప్పుడు ఇస్కియాకు కూడా వచ్చారు. ఆ రోజుల్లో రేడియోధార్మికత అంటే జనానికి బలం, ఆరోగ్యం అని గొప్ప మోజు. ఆ మోజు ఎంత ఖరీదైనదో తర్వాత తెలిసింది, క్యూరీ గారి ప్రాణం కూడా ఏళ్ల తరబడి సోకిన రేడియేషన్ వల్లే పోయిందని వైద్యులు భావించారు.

ఇప్పుడు తెలిసిన లెక్క ఇది: రేడాన్ అర్ధాయువు (సగానికి తగ్గే కాలం) సుమారు 3.8 రోజులు, నీరు గాలికి తగిలితే చాలావరకు ఎగిరిపోతుంది, అప్పుడప్పుడు స్నానం చేసేవారికి అందే మోతాదు తక్కువ. కానీ రేడాన్ పీల్చడం వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుందన్నది రుజువైన విషయం, ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం దాన్ని మొదటి గ్రూపులో పెట్టింది. కాబట్టి అసలు జాగ్రత్త పడాల్సింది మూసిన గదుల్లో రోజంతా పనిచేసే సిబ్బంది గురించి. గాలి బాగా ఆడే ఏర్పాటు ఉండాలి, కొలతలు తీస్తూ ఉండాలి. రేడాన్ ఉంది కాబట్టే మంచిదని ఎవరైనా ప్రచారం చేస్తే ఆ మాట నమ్మకండి.

ఇంతకీ జబ్బులు తగ్గుతాయా, లేదా?

అందరూ అసలు తెలుసుకోవాలనుకునేది ఇదే. సూటిగా చెప్తాను. నొప్పులకు ఉపశమనం ఉంటుంది. జబ్బులు మాయం కావు.

వేడినీళ్లలో కూర్చుంటే రక్తనాళాలు వెడల్పవుతాయి, కండరాలు వదులవుతాయి, నీరు ఒంటిని తేలుస్తుంది కాబట్టి మోకాళ్ల మీద బరువు తగ్గుతుంది. ఇవి జరుగుతాయనడంలో ఏ అనుమానమూ లేదు. అనుమానమంతా ఖనిజాల దగ్గర, అదే వేడి ఉన్న మామూలు నీటికన్నా ఈ నీరు ఎంత ఎక్కువ పనిచేస్తుందన్న దగ్గర. కీళ్ల అరుగుదల మీద 2007లో కోక్రేన్ సంస్థ ఏడు ప్రయోగాలను కలిపి సమీక్షించింది. ఏ చికిత్సా లేని వారితో పోలిస్తే ఖనిజ స్నానాలు మేలనిపించాయి, కానీ ప్రయోగాల నాణ్యత బాగోలేదు కాబట్టి గట్టిగా చెప్పలేమంది. 2015లో రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ (కీళ్లవాతం) మీద తొమ్మిది ప్రయోగాలు, 579 మంది రోగుల వివరాలు చూసి, మేలు ఉందని చెప్పడానికి ఆధారం చాలదని తేల్చింది.

ఇందులో ఒక చిక్కు ఉంది. స్నానానికి ఇస్కియా వెళ్లిన మనిషి ఒక్క నీళ్లలోనే మునగడు. రెండు వారాలు పని మానేస్తాడు, ఎండలో నడుస్తాడు, బాగా నిద్రపోతాడు, ఒకరు వచ్చి రోజూ ఒళ్లు చూసి పలకరిస్తారు. ఇందులో ఏది ఎంత పనిచేసిందో విడదీయడం చాలా కష్టం, పైగా వేడినీళ్లలో కూర్చున్నవాడికి తాను కూర్చున్నట్టు తెలియకుండా చేయలేం కదా. అంత మాత్రాన మేలు అబద్ధమని నేను అనను. నొప్పి తగ్గిన మనిషికి తగ్గినట్టే. కానీ ఆ మేలును నమ్ముకుని మందులు మానేయడం వేరు, డయాబెటిస్‌కో క్యాన్సర్‌కో ఇదే మందు అనుకోవడం వేరు. రుమటాయిడ్ మందులు మధ్యలో ఆపితే కీలు పాడైపోతుంది, తర్వాత ఎన్ని ఊటల్లో మునిగినా తిరిగి రాదు. దయచేసి ఆ పని చేయకండి.

ఇటలీలో దీన్ని వైద్యంలో భాగంగానే చూస్తారు. జాతీయ ఆరోగ్య సేవ కింద, డాక్టర్ చీటీ ఉంటే, కొన్ని నిర్ణీత సమస్యలకు ఏడాదికి ఒక విడత చికిత్స దొరుకుతుంది, మామూలుగా 12 రోజులు.

ఏ ఊట ఏ జబ్బుకు అన్న జాబితాలు ఎక్కడి నుంచి వచ్చాయి?

స్ట్రాబో కాలానికే ఈ నీళ్లు రాళ్ల జబ్బుకు మంచివని పేరుంది. అయితే ఊట ఊటకీ కొలతలూ రోగుల వివరాలూ కూర్చి రాసినవాడు జూలియో యాసోలినో, కలాబ్రియాలో పుట్టి నేపుల్స్‌లో స్థిరపడిన వైద్యుడు, శరీర నిర్మాణ శాస్త్రం నేర్పినవాడు. 1588లో ఆయన ఇస్కియా సహజ ఔషధాల మీద పెద్ద పుస్తకం అచ్చు వేయించాడు, అందులో దీవి మ్యాపు కూడా ఉంది. ఆయన కాలంలో రసాయన విశ్లేషణ లేదు, పోలిక కోసం వైద్యం ఇవ్వని మరో గుంపును పెట్టాలన్న ఆలోచన లేదు, కాబట్టి ఆయన జాబితాను ఈనాటి ప్రిస్క్రిప్షన్‌లా తీసుకోకూడదు. కానీ దీవి అంతా తిరిగి, ఎవరు ఏ నీటిలో దిగి ఏమైందో రాసి పెట్టడం చిన్న పని కాదు. ఈనాటి బ్రోషర్లలో కనిపించే చాలా మాటలకు మూలం ఆయనే, పేరు మాత్రం చెప్పరు.

ఆ పుస్తకం వచ్చిన కొన్నేళ్లకే నేపుల్స్‌లో 1602లో మొదలైన పియో మోంటే దెల్లా మిజెరికోర్దియా అనే ధర్మసంస్థ కసామిచ్చోలాలో పేదల కోసం వేడినీటి ఆసుపత్రి కట్టించింది. డబ్బున్నవాళ్ల విలాసంగా ఇప్పుడు కనిపించే ఈ స్నానాలకు అలాంటి గతం కూడా ఉంది.

బురద పట్టు వేస్తారు కదా, దాని సంగతి?

ఫాంగో అంటారు. బంకమట్టిని వేడినీటిలో నెలల తరబడి నానబెడతారు, ఆలోగా దానిలో సూక్ష్మజీవులూ నాచూ పెరుగుతాయి. తర్వాత 45 డిగ్రీల అటూఇటూ వేడిలో ఒంటికి పట్టించి పావుగంట, ఇరవై నిమిషాలు ఉంచుతారు. మట్టి నెమ్మదిగా చల్లారుతుంది కాబట్టి వేడి లోపలికి నిదానంగా, ఎక్కువసేపు దిగుతుంది. పనిచేసేది ముఖ్యంగా ఆ వేడే.

వేడినీళ్లకూ భూకంపాలకూ సంబంధం ఉందా?

ఉంది. దీవికి వెళ్లేవారు ఎక్కువగా వినని భాగం ఇది. 1883 జూలై 28 రాత్రి కసామిచ్చోలా నేలమట్టమైంది. స్నానాల సీజన్ మధ్యలో, ఊరు అతిథులతో నిండి ఉన్నప్పుడు. 2,300 మందికి పైగా పోయారు. తర్వాతి కాలంలో ఇటలీ గొప్ప తత్వవేత్తగా పేరు తెచ్చుకున్న బెనెదెత్తో క్రోచే అప్పటికి 17 ఏళ్ల కుర్రాడు, కుటుంబంతో అక్కడికి వచ్చాడు. గంటల తరబడి శిథిలాల కింద ఉండి బతికాడు, తల్లిదండ్రులూ చెల్లీ పోయారు. పేదల ఆసుపత్రి కూడా కూలిపోయింది.

2017 ఆగస్టు 21న వచ్చిన భూకంపం తీవ్రత 4 దగ్గరే, వేరే చోట అయితే గాజు కిటికీలు కదిలి ఊరుకునేది. కసామిచ్చోలా ఎగువన కట్టడాలు కూలి ఇద్దరు చనిపోయారు. ఎందుకంటే ఇక్కడి భూకంపాలు రెండు కిలోమీటర్ల లోపు లోతులోనే పుడతాయి, శక్తి తక్కువైనా నేరుగా కాళ్ల కిందే తగులుతుంది. అవి పుట్టేది ఎపోమియో అంచు చీలికల్లో, వేడినీరు పైకొచ్చే చీలికలూ ఆ అంచువే. ఎపోమియో ఇప్పుడు లేవడం లేదు, కొన్ని భాగాలు ఏడాదికి సుమారు సెంటీమీటరు చొప్పున కుంగుతున్నాయి.

ఇంకోటి కూడా ఉంది. వేడినీరూ ఆవిరీ వేల ఏళ్లుగా రాతిని నానబెట్టి మెత్తబరిచాయి. 2022 నవంబర్ 26 తెల్లవారుజామున కుండపోత వాన పడి ఎపోమియో వాలు నుంచి బురద, బండలు కసామిచ్చోలా మీదికి దూసుకొచ్చాయి, 12 మంది చనిపోయారు. వాన ఒక కారణం, వాలు మీద అడ్డగోలుగా కట్టిన కట్టడాలు ఒక కారణం, ఆ మెత్తబడిన రాయి మరో కారణం. ఊటల అందం గురించి రాసేవాళ్లు ఈ పేజీని చింపేసి మిగతాది చూపించడం నాకు బాధగా ఉంటుంది.

భూకంపానికి ముందు ఊటలు హెచ్చరిస్తాయా?

భూమిలో ఒత్తిడి మారితే ఊట వేడి, ధార, వాయువుల పాళ్లు మారవచ్చు, అందుకే శాస్త్రవేత్తలు వాటిని కొలుస్తూ ఉంటారు. 1883 తర్వాత జూలియో గ్రాబ్లోవిట్జ్ కసామిచ్చోలా అబ్జర్వేటరీని నడుపుతూ భూకంపాలతో పాటు ఊటలనూ గమనించాడు. కానీ వాన తగ్గినా, పక్కన బావిలోంచి పంపుతో తోడినా కూడా ఊట మారుతుంది. ఫలానా ఊట వేడెక్కింది కాబట్టి రేపు భూకంపం అని చెప్పే స్థితి ఇంకా రాలేదు. అలా చెప్పేవాళ్ల పోస్టులు షేర్ చేయకండి.

సముద్రం అడుగున బుడగలు వస్తాయంటారు, అదేమిటి?

అరగోనీస్ కోట ఉన్న రాతి దిబ్బ చుట్టూ నీటి అడుగు నుంచి కార్బన్ డయాక్సైడ్ బుడగలు వరుసగా లేస్తుంటాయి. అక్కడి గ్యాస్‌లో గంధకం లేదు, నీరు ప్రత్యేకంగా వేడిగానూ ఉండదు, అదే దాని విలువ. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఈ శతాబ్దం చివరికి సముద్రాల్లో ఆమ్లత్వం ఎలా పెరుగుతుందో ఇక్కడ ఇప్పుడే కళ్లముందు కనిపిస్తుంది. మామూలు సముద్రంలో పీహెచ్ (ఆమ్లత్వం పెరిగేకొద్దీ తగ్గే కొలత) 8.1 దగ్గర ఉంటే, బుడగల దగ్గర అది 7.8కీ ఇంకా కిందికీ పడిపోతుంది. 2008లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన ఈ చోటును ప్రపంచానికి చూపించింది: సముద్రపు గడ్డి బాగానే పెరుగుతోంది, సున్నపు గుల్ల ఉన్న నత్తల గుల్లలు మాత్రం కరిగి పలచబడుతున్నాయి. నేపుల్స్‌లోని ఆంటన్ డోర్న్ జంతుశాస్త్ర కేంద్రానికి దీవిలోనే ఒక శాఖ ఉంది, దశాబ్దాలుగా అక్కడి నుంచి పని జరుగుతోంది. నన్నడిగితే ఇస్కియా లోకానికి చేస్తున్న అసలు మేలు ఇదే.

ఈ నీళ్లు ఎప్పటికీ తరగవా?

వేడి తరగదు, మన కాలానికి. నీరు తరుగుతుంది. 1950ల్లో అంజెలో రిజ్జోలి అనే ప్రచురణకర్త లక్కో అమెనోలో పెద్ద హోటళ్లు కట్టించాక టూరిజం ఊపందుకుంది, బావులు పెరిగాయి. తీరం దగ్గర బావుల్లోంచి అతిగా తోడితే ఆ ఖాళీలోకి సముద్రం చొచ్చుకొస్తుంది, ఊట ఉప్పెక్కుతుంది, వేడి మారుతుంది. వానకు ఇంత అని లెక్క ఉన్నప్పుడు తోడడానికీ లెక్క ఉండాలి.

ఊట నీళ్లు తాగవచ్చా?

మీ అంతట మీరు తాగకండి. అగ్నిపర్వత ప్రాంతపు నీళ్లలో ఆర్సెనిక్, ఫ్లోరైడ్ లాంటివి ఎక్కువ ఉండే అవకాశం ఉంది, ఒక ఊట సురక్షితమైతే పక్కది అలా ఉంటుందన్న హామీ లేదు.

ఎవరు దిగకూడదు?

గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, జ్వరం, మానని పుండ్లు ఉన్నవాళ్లు, గర్భిణులు ముందు డాక్టర్‌ని అడగాలి. మద్యం తాగి అసలు దిగకూడదు, వేడికీ మద్యానికీ రెండింటికీ రక్తపోటు పడిపోతుంది, కళ్లు తిరిగి నీళ్లలో పడిపోతారు. ఒక్కసారికి పది, పదిహేను నిమిషాలు చాలు, తర్వాత బయటికొచ్చి మంచినీళ్లు తాగి కాసేపు కూర్చోండి. గోరువెచ్చని మంచినీటి గుంటల్లో ముక్కులోకి నీరు పోనివ్వకండి, ఎక్కడైనా సరే, అలాంటి నీటిలో మెదడుకు పాకే అమీబా అరుదుగా ఉండొచ్చు.

డబ్బు పెట్టకుండా వేడినీళ్లు చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

సోర్జెతో. ఫోరియో మున్సిపాలిటీలో, పాంజా అనే ఊరి కింద ఉన్న చిన్న అఖాతం. రెండొందలకు పైగా మెట్లు దిగాలి, మళ్లీ ఎక్కాలి. అక్కడ వేడినీరు రాళ్ల మధ్యలోంచి వచ్చి నేరుగా సముద్రంలో కలుస్తుంది, జనం రాళ్లు పేర్చి చిన్న చిన్న మడుగులు కట్టుకుంటారు. వేడినీరు తేలిక కాబట్టి పైన తేలుతుంది, మెడ దగ్గర కాలుతుంటే పాదాల దగ్గర చల్లగా ఉంటుంది, ఒక అల రాగానే రెండూ కలిసిపోయి అంతా హాయిగా అవుతుంది, మళ్లీ నిమిషంలో విడిపోతాయి. అక్కడ కూర్చున్నవాళ్లు ఊరికే అటూ ఇటూ జరుగుతూ ఉండేది అందుకే.

నీరు పుట్టే చోట చర్మం కాలేంత వేడి ఉంటుంది, చెయ్యి ముంచి చూసుకున్నాకే కాలు పెట్టండి, రబ్బరు చెప్పులు వేసుకోండి, పిల్లల చెయ్యి వదలకండి. అల మరీ తక్కువగా ఉన్న రోజు మడుగు ఎక్కువ వేడెక్కుతుంది, సముద్రం పోటెత్తిన రోజు దిగడమే ప్రమాదం. పైనుంచి రాళ్లు రాలే భయంతో అప్పుడప్పుడు దారి మూసేస్తుంటారు, బయల్దేరే ముందు తెరిచి ఉందో లేదో కనుక్కోండి, మూసి ఉంటే గొలుసు దాటి వెళ్లకండి.